సాక్షి సంతకం వేరు, జమానత్ సంతకం వేరు: హనుమకొండ జిరాక్స్ షాపు నుంచి విద్యాశాఖకు బహిరంగ లేఖ

రాష్ట్ర విద్యాశాఖ అధికారులకు, పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ సార్లకు, మేడమ్‌లకు, విద్యా కమిషన్ పెద్దలకు నమస్కారం.

నేను టీచర్‌ను కాను, వకీలును అంతకన్నా కాను. హనుమకొండలో అదాలత్ దగ్గర పద్దెనిమిదేళ్లుగా జిరాక్స్, టైపింగ్ షాపు నడుపుతున్నాను. ప్రాంసరీ నోట్లు, కిరాయి అగ్రిమెంట్లు, అఫిడవిట్లు, చెక్ బౌన్స్ నోటీసులు, పహాణీ (భూమి రికార్డు) నకళ్లు, విడాకుల కాగితాలు, అన్నీ నా మిషన్ కింది నుంచే పోతాయి. ఏ కాగితం ఎవరి కొంప ముంచుతుందో కొద్దికొద్దిగా తెలిసిపోతుంది, చదవకూడదనుకున్నా కళ్లు ఊరుకోవు కదా.

ఇన్నేళ్లలో నేను గమనించిన ఒక సంగతి మీకు చెప్పాలని ఈ ఉత్తరం. పరకాల నుంచో ఆత్మకూరు నుంచో ధర్మసాగర్ నుంచో పని మీద వచ్చే పెద్దవాళ్లలో చాలామంది ఒంటరిగా రారు. వెంట ఒక పిల్లో పిల్లగాడో ఉంటారు, తొమ్మిదో పదో చదువుతుంటారు, ఒక్కోసారి స్కూల్ యూనిఫాంలోనే ఉంటారు. కాగితం వాళ్ల చేతికిచ్చి "చదువు బిడ్డా, ఏం రాసిండ్రో" అంటారు. పిల్ల గడగడా చదువుతుంది. 'మేరకు', 'యావత్తు', 'సదరు', 'బేషరతుగా' అన్నీ తప్పు లేకుండా చదువుతుంది. చదవడం అయిపోయాక తండ్రి ముఖం చూస్తుంది, తండ్రి పిల్ల ముఖం చూస్తాడు. ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదని నాకు అర్థమవుతుంది. తర్వాత సంతకం పడిపోతుంది.

పోయిన ఏడు జూన్‌లో, బడులు తెరిచిన వారమే, ఒక రైతు, ఆయన కూతురు, ఆయనకు అప్పిచ్చిన పెద్దమనిషి ముగ్గురూ వచ్చారు. ప్రాంసరీ నోటు జిరాక్స్ కావాలన్నారు. నోటు తేదీ చూస్తే మూడేళ్ల నాలుగు నెలల కిందటిది. జిరాక్స్ తీయకముందే అప్పిచ్చినాయన నా దగ్గర పెన్ను అడిగి, నోటు వెనక్కి తిప్పి చెల్లు రాశాడు. ఐదు వందలు ముట్టినట్టు రాసి తేదీ మాత్రం పోయిన అక్టోబర్‌ది వేశాడు. రైతును సంతకం పెట్టమన్నాడు. ఆ పిల్ల తొమ్మిదో తరగతి ఉంటుంది, రెండు జడలు, సంచి ఇంకా భుజానే ఉంది. కాగితం లాక్కున్నట్టు తీసుకుని చదివి, "నాయినా, ఇయ్యాల జూన్ కదా, ఇండ్ల అక్టోబర్ అని రాసిండు" అంది. ఆయన నవ్వి, "అప్పుడియ్యాల్సింది ఇప్పుడిస్తున్నడు బిడ్డా, అందుకే అట్ల రాసిన" అన్నాడు. రైతు, "తీసుకున్న పైసలు ఎట్లన్న ఇచ్చుడే కదా" అని సంతకం పెట్టేశాడు.

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను చిల్లర లెక్కపెట్టాను.

నాకు తెలుసు ఆయన ఎందుకు అక్టోబర్ వేశాడో. అడగ్గానే ఇవ్వాలన్న నోటు మీద దావా వేయడానికి గడువు నోటు రాసిన రోజు నుంచి మూడేళ్లు, 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం. అది దాటితే కాలదోషం పట్టింది అంటారు. గడువు లోపలే కొంత కట్టి, కట్టినట్టు చేతిరాతో సంతకమో ఉంటే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. ఈ నోటుకు ఫిబ్రవరిలోనే మూడేళ్లు నిండాయి, అందుకే దాని కంటే వెనకటి తేదీ కావాల్సి వచ్చింది. ఆ పిల్ల సరిగ్గా పట్టుకోవాల్సిన చోటే పట్టుకుంది. ఆ తేదీకి ఎంత బరువు ఉందో ఎవరూ చెప్పలేదు కాబట్టి వదిలేసింది. నేను చెప్పలేదు ఎందుకంటే ఆ అప్పిచ్చినాయన నాకు నెలనెలా గిరాకీ. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు.

అప్పు ఎగ్గొట్టడం పిల్లలకు నేర్పమని నేను అనడం లేదు. ఆ రైతు మాట బంగారం లాంటి మాట, తీసుకున్నది ఇవ్వాల్సిందే. తాను దేని మీద సంతకం పెడుతున్నాడో తెలిసి పెట్టి ఉంటే ఆయన మాటకు ఇంకా విలువ ఉండేది.

హైస్కూల్ పిల్లలకు చట్టం నేర్పాలి అంటే ముందు వచ్చే ప్రశ్న, "వాళ్లు మైనర్లు, వాళ్లకు ఒప్పందాలతో ఏం పని?" నిజమే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాడు చేసుకున్న ఒప్పందం చెల్లదు. కలకత్తాలో ఒక మైనర్ తన ఇల్లు తాకట్టు పెట్టి ఇరవై వేల అప్పు రాసిచ్చిన కేసులో 1903లోనే ప్రీవీ కౌన్సిల్ ఈ సంగతి తేల్చేసింది. (ఈ కథ మా అమ్మాయికి చెబితే మొదట అడిగిన ప్రశ్న "అయితే పైసలు వాపస్ ఇయ్యలేదా?" అని. ఇవ్వక్కర్లేదనే తేలింది మరి. అరగంట వాదించింది నాతో. సోషల్ పాఠం మీద ఎప్పుడైనా అరగంట వాదించిందా?) కానీ మా ఇళ్లల్లో సంగతి వేరు. సంతకం పెట్టేది పెద్దవాళ్లే, చదివేది మాత్రం ఈ మైనర్లే. ఇంట్లో కాగితం చదవగలిగిన ఒకే ఒక్క మనిషికి పద్నాలుగేళ్లు ఉన్న ఇళ్లు మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో మీ టీచర్లను అడిగితే వాళ్లే చెబుతారు. ఆ పిల్లకు పద్దెనిమిది నిండాక చెబుదాంలే అనుకుంటే, ఈలోపు ఆ ఇంట్లో నాలుగు కాగితాల మీద సంతకాలు పడి ఉంటాయి.

ఇప్పుడు బడిలో అసలేం లేదని కూడా అనను. మా అమ్మాయి ఎనిమిదో తరగతి సోషల్ పుస్తకంలో సివిల్ కేసుకు, క్రిమినల్ కేసుకు తేడా చెప్పే పాఠం ఉంది. పదో తరగతిలో సమాచార హక్కు చట్టం, లోక్ అదాలత్ గురించి ఉంది. రాసినవాళ్లు బాగానే రాశారు. కానీ అది చివర్లో వచ్చే పాఠం, జనవరికల్లా సిలబస్ పరుగెత్తించే రోజుల్లో వచ్చే పాఠం, "ముఖ్యమైన ప్రశ్నలు రెండు చూసుకోండి చాలు" అనిపించుకునే పాఠం. ఇంటర్‌లో సీఈసీ తీసుకున్నవాళ్లకు కామర్స్‌లో భాగస్వామ్యం, హుండీలు (వ్యాపార అప్పు పత్రాలు) కొంత తగులుతాయి. ఎంపీసీ, బైపీసీ పిల్లలకు అదీ లేదు, మన దగ్గర మంది అంతా పడేది అక్కడే. సీబీఎస్‌ఈలో పదకొండు, పన్నెండు తరగతులకు లీగల్ స్టడీస్ అని ఒక సబ్జెక్టే ఉంది, ఇష్టమైనవాళ్లు తీసుకోవచ్చు. మన ప్రభుత్వ హైస్కూల్ పిల్లలకు ఆ అవకాశం లేదు, కాగితాల అవసరం మాత్రం వాళ్లకే ఎక్కువ.

న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు బడులకు వచ్చి సదస్సులు పెడతారు. జడ్జి గారే స్వయంగా వస్తారు, మంచి విషయాలు చెబుతారు, పోక్సో గురించి, బాల్య వివాహాల గురించి. తప్పకుండా చెప్పాల్సినవే. కానీ గంటసేపట్లో శాలువాలకే పావుగంట పోతుంది, ఫొటోకు ఇంకో ఐదు నిమిషాలు.

నా సొంత కథ ఒకటి చెబుతాను. నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు ఒక ప్రైవేటు కాలేజీలో క్లర్కుగా పనిచేసేవాడిని. నాతో చదువుకున్న మిత్రుడు ఒక చిట్టీ ఎత్తాడు, రెండు లక్షలది. జీతం ఉన్నవాడి జమానత్ కావాలన్నారట, వచ్చి అడిగాడు. నేను డిగ్రీ పాసయినవాడిని. జమానత్ అంటే సాక్షి సంతకం లాంటిదే అనుకున్నాను, నిజంగా అట్లాగే అనుకున్నాను. "వీడు మంచోడు, నాకు తెలుసు" అని చెప్పడం అనుకున్నాను. ఆరేడు చోట్ల సంతకాలు పెట్టించుకున్నారు, చాయ్ తాగించారు. పదకొండు నెలలు కట్టి వాడు హైదరాబాద్ వెళ్లిపోయాడు, ఫోన్ నంబర్ మారింది. నోటీసు నాకొచ్చింది. పరుగెత్తుకుంటూ వెళ్లి, "ముందు వాణ్ని అడగండి, వాడి దగ్గర దొరక్కపోతే అప్పుడు నా దగ్గరికి రండి" అన్నాను. చాలా న్యాయమైన మాట అనే అనుకున్నాను. ఒక వకీలు సాబ్ కూర్చోబెట్టి చెప్పాడు, కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ అట, జమానత్ ఉన్నవాడి బాధ్యత, అప్పు తీసుకున్నవాడి బాధ్యత సరిసమానం. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే ముందు వాణ్ని అడగాలన్న రూలేమీ లేదు, దొరికినవాణ్ని పట్టుకోవచ్చు. నేను దొరికాను. ఎనభై నాలుగు వేలు, రెండున్నరేళ్లు కట్టాను. కట్టినదంతా వాడి దగ్గర వసూలు చేసుకునే హక్కు నాకుంది అని కూడా ఆయనే చెప్పాడు. హక్కయితే ఉంది, మనిషే లేడు.

సాక్షి అంటే, ఫలానా ఆయన నా ముందు సంతకం పెట్టాడు అని చెప్పేవాడు. జమానత్ అంటే, వాడు కట్టకపోతే నేను కడతా అనేవాడు. ఈ రెండు వాక్యాలు నాకు ఎనిమిదో తరగతిలో ఎవరైనా చెప్పి ఉంటే ఎనభై నాలుగు వేలు మిగిలేవి. పదో తరగతిలో నేను తైగా, టండ్రా మండలాల వృక్షసంపద గురించి చదివాను, అవి ఇప్పటికీ నాకు గుర్తే.

వరంగల్‌లో చిట్టీ వేయని ఇల్లు ఉంటుందా చెప్పండి. పిల్ల పెళ్లి, ఇంటి స్లాబు, ఇంజనీరింగ్ ఫీజు, అన్నీ చిట్టీ మీదే నడుస్తాయి. 1982లో చిట్ ఫండ్స్ చట్టం వచ్చింది, ప్రతి చిట్టీ గ్రూపు రిజిస్టర్ కావాలి, నడిపేవాడి కమీషన్‌కు హద్దు ఉంది, మొదట ఐదు శాతం ఉండేది, 2019లో ఏడు చేశారు. పాట ఎట్లా జరగాలో, పాసుపుస్తకంలో ఏముండాలో అన్నీ రాసి ఉన్నాయి. గొడవొస్తే చిట్స్ రిజిస్ట్రార్ దగ్గరికి పోవాలని కూడా ఉంది. మా గల్లీలో చిట్టీలు నడిపే అక్కకు ఇవేవీ తెలియవు, అందులో కట్టే నలభై మందికీ తెలియవు. లెక్కల పుస్తకంలో సాధారణ వడ్డీ పాఠంలో రాము సోముకు సంవత్సరానికి పన్నెండు శాతం వడ్డీకి అప్పు ఇస్తూనే ఉంటాడు, నేను చదివినప్పటి నుంచీ. ఇంట్లో మాట్లాడేది మాత్రం "నూటికి రెండు", "నూటికి మూడు". నెలకు నూటికి మూడు అంటే ఏడాదికి ముప్పై ఆరు శాతం అని ఆ పాఠం పక్కనే ఒక్క వాక్యం రాస్తే ఏం పోయింది? వడ్డీ వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలని తెలంగాణలో నిజాం కాలం నుంచీ, 1349 ఫసలీ (మన లెక్కలో 1939-40) నాటి చట్టం నుంచీ ఉంది. ఆ లైసెన్సు గోడకు తగిలించిన వడ్డీ వ్యాపారిని నేనింతవరకు చూడలేదు.

ఇంకొకటి భాష. మా కాగితాల భాష పిల్లలకు ఏ పుస్తకంలోనూ దొరకదు. బైనామా, రెహన్, ఇకరార్‌నామా, ముఖ్తార్‌నామా, ఫౌతీ, విరాసత్, కబ్జా, మౌకా, ఇవన్నీ తాతల కాలం నుంచి మా భూముల మీద పెత్తనం చేస్తున్న మాటలు. తెలుగు వాచకంలో ఉండవు, సోషల్‌లో ఉండవు, ఉర్దూ మీడియం పిల్లలకు సగం తెలుస్తాయి గానీ వాళ్లకూ చట్టం సంగతి తెలియదు. తెల్లకాగితం మీద ఊరి పెద్దమనుషుల ముందు రాసుకున్న సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేని అమ్మకం కాగితం) ఉంటే భూమి మనదే అనుకుని ఇరవై ఏళ్లు దున్నుకున్నవాళ్లు మన దగ్గర వేలల్లో ఉన్నారు. వంద రూపాయలు, ఆపై విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్ట్రేషన్ కావాల్సిందేనని 1908 చట్టంలోనే ఉంది. ఆ ఒక్క సంగతి తెలియక ఎంతమంది ఎమ్మార్వో ఆఫీసుల చుట్టూ తిరిగారో. 2020 అక్టోబర్‌లో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది, పోర్టల్ మారింది, పేరు మారింది, మా కౌంటర్ ముందు లైను మాత్రం మారలేదు. పహాణీలో పట్టాదారు కాలమ్ ఏది, అనుభవదారు కాలమ్ ఏది అని పిల్లకు చూపిస్తే పది నిమిషాల్లో పట్టేస్తుంది. ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల చిట్టా) అంటే ఏమిటో, అది ఎందుకు తీయాలో ఇంకో పది నిమిషాలు.

ఆడపిల్లల వాటా సంగతికి వస్తే కొంచెం జాగ్రత్తగా రాయాలి, ఎందుకంటే దీని మీదే ఎక్కువ మంది నన్ను తిడతారు. ప్రతి ఏటా సెప్టెంబర్ 9న మనం కాళోజీ పుట్టినరోజు చేసుకుంటాం, తెలంగాణ భాషా దినోత్సవం అని బడుల్లో గేయాలు పాడిస్తాం. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ దేశమంతా చట్టం అమల్లోకి వచ్చింది కూడా 2005లో అదే సెప్టెంబర్ 9న. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఎన్టీఆర్ హయాంలో 1985 నుంచే, అప్పటికి పెళ్లి కాని ఆడపిల్లలకు, ఉంది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. తండ్రి సొంతంగా సంపాదించినదాన్ని వీలునామా రాసి ఎవరికైనా ఇవ్వొచ్చు, అది వేరే లెక్క. ఇంత చిన్న తేడా కూడా తెలియకుండా అక్కాచెల్లెళ్లు వచ్చి మా షాపు బెంచీ మీద కూర్చుని హక్కు విడుదల పత్రం మీద సంతకాలు పెట్టిపోతారు. పసుపు కుంకుమల కింద ఏదో ఇచ్చాం అంటారు అన్నదమ్ములు. ఇష్టపడి వదులుకుంటే వద్దనడానికి నేనెవర్ని, అన్నదమ్ములతో రాకపోకలు ఉండాలని వదులుకునే ఆడవాళ్లు ఉన్నారు, వాళ్ల లెక్క వాళ్లకుంటుంది. కానీ ఒకావిడ సంతకం పెట్టి బయటికొచ్చి, "ఇది రేషన్ కార్డుల పేరు తీసేటందుకా అన్నా?" అని నన్నడిగింది చూడండి, ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఇక్కడ మీరు ఒక పెద్ద పుస్తకం వేసి రాష్ట్రమంతా అదే పంపిస్తే కుదరదు. మండిబజార్ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ఆడపిల్లలకు, ఒకరు హిందూ, ఒకరు ముస్లిం అయితే, వారసత్వ చట్టాలు వేరు. ములుగు, ఏటూరునాగారం వైపు కోయ పిల్లలకు హిందూ వారసత్వ చట్టమే వర్తించదు, ఆచారమే చట్టం. అక్కడ భూమి గిరిజనేతరులకు అమ్మడం కుదరదనే వన్ ఆఫ్ సెవెంటీ చట్టం ఉంది. ఆ పిల్లలకు ముందు తెలియాల్సింది అది. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే ఇంటి పిల్లకు తక్‌పట్టీ (అమ్మకం చీటీ) చదవడం రావాలి, తూకం ఎంత, ధర ఎంత, కోతలు దేని కింద పోయాయి అని. ఎక్కడి కాగితం అక్కడి బడిలో ఉండాలి.

కొన్ని అయితే నిజంగా ఐదు నిమిషాల పాఠాలు. విత్తనాలు కొంటే బిల్లు తీసుకోవాలి, సంచీ, లేబులు దాచుకోవాలి, మొలకెత్తకపోతే వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు, రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది, ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, 1915కు ఫోన్ కొట్టినా దారి చెబుతారు. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఎవరికీ ఇవ్వొద్దు, అంకె వాళ్లు రాసుకున్నా చెక్కు చెల్లుతుంది, బౌన్స్ అయితే రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు, నంబర్ 15100.

మన నయీంనగర్ రోడ్డు మీద ట్యూషన్ వదిలిన టైంలో నిలబడండి. ముగ్గురేసి స్కూటీల మీద, మీసాలు కూడా రానివాళ్లు. మైనర్ బండి నడిపి మోటారు వాహనాల చట్టం కింద ఏదైనా నేరం చేస్తే బండి ఇచ్చిన తల్లిదండ్రికో యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు, ఆ పిల్లగాడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్స్ లేదు, 2019 నుంచి చట్టం ఇది. ఇరవై ఐదు అన్న మాట వినగానే మా అన్న కొడుకు తాళం చెవి బల్ల మీద పెట్టేశాడు. వారం తర్వాత మళ్లీ తీశాడనుకోండి, అది వేరే కథ.

బ్యాంకు ఖాతా అద్దెకివ్వడం ఇప్పుడు కొత్త రోగం. మా షాపుకొచ్చే ఒక డిగ్రీ అబ్బాయి ఐదు వేల కమీషన్ వస్తుందని ఏటీఎం కార్డు, సిమ్ము ఎవరికో ఇచ్చాడు. ఎక్కడో సైబర్ మోసం డబ్బులు ఇతని ఖాతాలోంచి పోయాయి. పోలీసులు వేరే రాష్ట్రం నుంచి వచ్చారు. "నేనేం చేయలేదు అన్నా, కార్డే కదా ఇచ్చిన" అంటాడు ఇప్పటికీ, అచ్చం నేను జమానత్ గురించి అన్నట్టే.

వ్యాపారం చట్టం అంటే కంపెనీలు, షేర్లు అనుకుంటారు, మా పిల్లల్లో ఎక్కువ మంది పెట్టేది కర్రీ పాయింటు, మొబైల్ రిపేర్, ఫ్లెక్సీ ప్రింటింగ్. ఇద్దరు స్నేహితులు కలిసి పెడతారు, ఒకడు పైసలు పెడతాడు, ఇంకొకడు పని చేస్తాడు. కాగితం రాసుకుందాం అంటే, "నా మీద నమ్మకం లేదారా?" అని అలుగుతాడు. రాసుకోకపోతే 1932 భాగస్వామ్య చట్టం ఏమంటుందో తెలుసా, లాభం నష్టం ఇద్దరికీ సమానం, ఎవడు ఎంత పెట్టాడన్నది చూడదు. బయట చేసిన అప్పుకు ఇద్దరూ బాధ్యులే, మొత్తానికి మొత్తం. ఇది తెలిస్తే కాగితం రాసుకోవడం అనుమానం కింద రాదు, మర్యాద కింద వస్తుంది. విడిపోయాక నా దగ్గరికి నోటీసు టైప్ చేయించడానికి విడివిడిగా వచ్చే స్నేహితులను చూసి చూసి చెబుతున్నాను.

ఒక హెడ్మాస్టర్ గారితో ఈ మాటలన్నీ అంటే ఆయన రెండు చేతులెత్తి దండం పెట్టాడు. "పదో తరగతి రిజల్ట్ ఎంత అని అడుగుతారు గానీ, ప్రాంసరీ నోటు వచ్చా అని ఎవరూ అడగరు సార్" అన్నాడు. పైగా ఆడిటింగ్, సర్వేలు, ఎన్నికల డ్యూటీ, మధ్యాహ్న భోజనం లెక్కలు. ఆయన బాధ నిజమే. అందుకే నేను కొత్త సబ్జెక్టు అడగడం లేదు. మార్కులు పెడితే మర్నాడే గైడు వస్తుంది, బిట్లు వస్తాయి, 'జమానత్ అనగానేమి' అని బట్టీ పడతారు, బట్టీ పట్టినవాడే పోయి జమానత్ సంతకం పెడతాడు. మార్కులు లేకపోతే ఎవరూ పట్టించుకోరు అంటారా, పట్టించుకుంటారు, ఇంట్లో ఉన్న కాగితం గురించి చెబుతుంటే ఏ పిల్లా నిద్రపోదు.

నేనడిగేది ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు పదిహేను రోజులకు ఒక పీరియడ్. పుస్తకం వద్దు, కాగితాల కట్ట కావాలి. పేర్లు కొట్టేసిన ఒక ప్రాంసరీ నోటు, ఒక కిరాయి అగ్రిమెంటు, చిట్టీ పాసుపుస్తకం పేజీ, పహాణీ, ఈసీ, తక్‌పట్టీ, బీమా పాలసీ, లోన్ యాప్‌లో మనం చదవకుండా ఒప్పుకునే షరతులు, ఎఫ్ఐఆర్ కాపీ. పిల్లలకు పంచాలి, ముందు చదవమనాలి. తేదీ ఎక్కడుంది, పైసలు ఎవరు ఎవరికి ఇవ్వాలి, సంతకం ఎవరు ఏ హోదాలో పెట్టారు, ఖాళీ ఎక్కడ వదిలారు, ఈ నాలుగు వెతకమనాలి. తర్వాత ఒకడు అప్పిచ్చినవాడు, ఒకడు తీసుకున్నవాడు, ఒకడు జమానత్, ఒకడు సాక్షి, నాటకం ఆడించాలి. టీచర్లకు భయమైతే సుబేదారిలో కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ ఉంది, ఆ పిల్లలు వస్తారు, వాళ్లకూ పని నేర్చుకున్నట్టవుతుంది. న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ వకీళ్లు, వాలంటీర్లు ఉన్నారు. శాలువా ఒక్కటి మానేస్తే టైం దొరుకుతుంది.

"పిల్లలు తల్లిదండ్రుల మీదే కేసులు వేస్తారు" అన్నాడు ఒక పేరెంట్. ఆస్తి తగాదాల్లో కోర్టు మెట్లెక్కినవాళ్లను రోజూ చూస్తున్నాను, వాళ్లలో చట్టం తెలిసి ఎక్కినవాళ్ల కంటే తెలియక చేసిన సంతకం వల్ల ఎక్కినవాళ్లే ఎక్కువ. ఇంతకంటే ఆయనకు ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ఆ జూన్ నాటి పిల్ల మళ్లీ వచ్చింది, దసరా సెలవుల్లో, ఆధార్ అప్‌డేట్ ఫారం కోసం. ఈసారి ఒక్కతే. నేనే పిలిచి, ఒక ఖాళీ ప్రాంసరీ నోటు ఫారం చేతిలో పెట్టి, తేదీ సంగతి, మూడేళ్ల సంగతి, వెనక చెల్లు సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నది. "అయితే అప్పుడు నువ్వు ఎందుకు చెప్పలే?" అని అడిగింది. నేను మళ్లీ చిల్లర లెక్కపెట్టలేకపోయాను. "భయమైంది బిడ్డా" అన్నాను. ఫారం మడిచి సంచిలో పెట్టుకుని పోయింది.

ఆ తర్వాతే నేను పద్నాలుగు రకాల కాగితాలు పేర్లు, నంబర్లు తీసేసి ఒక కట్ట తయారుచేసి పెట్టాను. మీ ఆర్డర్ వచ్చేదాకా ఆగక్కర్లేదనుకునే హెడ్మాస్టర్లు ఎవరైనా ఉంటే తరగతికి సరిపడా కాపీలు నేనే ఊరికే తీసిస్తాను, పేపర్ ఖర్చు కూడా వద్దు. ఆదివారం షాపు బంద్ ఉంటుంది, మిగతా రోజులు పొద్దున తొమ్మిదిన్నర నుంచి. కోర్టు టైంలో రద్దీ, నాలుగు దాటాక వస్తే మాట్లాడుకోవచ్చు.

ఇట్లు,
అదాలత్ దగ్గర ఒక జిరాక్స్ షాపువాడు,
హనుమకొండ